చెప్పిందీ, విన్నదీ, చెప్పనిదీ

మా అత్తమ్మ నడుముకి ఎప్పుడూ ఒక తాళాల గుత్తి వేలాడుతుండేది. కాపురానికి వచ్చిన రోజునుంచీ ఆ గుత్తి మీద నాకొక కన్నుండేది. మా ఇంట్లో ఉన్నదల్లా ఒక బీరువా, ఒక ట్రంకుపెట్టె, ముందువైపు కొట్టుకి ఒక షట్టరు. ఆ గుత్తిలో ఉన్న తాళంచెవులు మాత్రం జమీందారు కోటకి సరిపోయేన్ని. "నాకు తెలీకుండా ఇంకేం దాచిందో ఈవిడ" అని పర్చూరులో మా అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా సణిగేదాన్ని. దాచిన మాట నిజమే. అదేంటో రెండువేల ఏడు ఎండాకాలంలో తెలిసింది.

చీరాలలో మాది పరుపుల కొట్టు. దూది ఏకడం తాతలనాటి వృత్తి. మా మామ బుడాన్ సాయిబు చిన్నతనంలో భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకినవాడు. ఇప్పుడు ఏకడానికి మిషనుంది, కుట్టడానికి మేమున్నాం. ఆ ఏడు మిరపకి మంచి ధర పలికింది. మిరపకి ధర వస్తే మా చుట్టుపక్కల ఊళ్ళల్లో పెళ్ళిళ్ళు ఆగవు, పెళ్ళి కుదిరిందంటే పరుపు కావాల్సిందే. మాఘమాసం నుంచీ మాకు ఊపిరి సలపలేదు. మా ఆయన మాలిక్ ఆ ఊపులోనే అమ్మనీ నాయననీ ఉమ్రాకి పంపుతానని మాటిచ్చాడు. ఉమ్రా అంటే హజ్ అంత పెద్దది కాదు గానీ మక్కా మక్కానే. గుంటూరులో ఒకాయన మనుషుల్ని కూడగట్టి మే నెలలో తీసుకెళ్తున్నాడు.

అత్తమ్మ పేరు రహమతున్నీసా. వీధంతా రహమతమ్మ అంటారు. మక్కా మాట చెవినపడ్డ రోజు ఆమె ఎగరలేదు, ఏడవలేదు. కుడుతున్న పరుపు మీద దబ్బనం గుచ్చి, కొంగు తల మీదికి లాక్కుని, "మనం పోతే పోయేది కాదది. పైవాడు పిలవాలి" అంది. తర్వాత మళ్ళీ దబ్బనం తీసుకుంది.

మా పాప ఖుర్షిదా రెండో తరగతి చదువుతోంది. మార్చిలో ఒకరోజు బడినుంచి వచ్చి, కొట్లో సగం కుట్టిన పెళ్ళిపరుపు మీద ఎక్కి గంతులేస్తోంది. ఆ పరుపు తాలూకు పెళ్ళివారు కూడా అక్కడే కూర్చుని ఉన్నారు. "దిగవే, తన్నులు తింటావు" అని నేను అంటూనే ఉన్నాను, పాప ఉన్నట్టుండి ఒక పక్కకి కొయ్యలా వాలిపోయింది. కళ్ళు పైకి పోయాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నోటి వెంట నురగ.

"ఫిట్సు, ఫిట్సు. చేతిలో ఇనుము పెట్టండి" అని పెళ్ళివారిలో ఒకాయన అరిచాడు.

"రహమతమ్మా, నీ తాళాలియ్యి" అని ఇంకెవరో అన్నారు.

అత్తమ్మ లోపలినుంచి వచ్చింది. నడుముకున్న గుత్తి ఊడదీసింది. పాప చేతిలో పెడుతుందనుకున్నాం. దాన్ని అవతల దూదిలోకి విసిరేసింది. పాపని పక్కకి ఒత్తిగిల్లేట్టు తిప్పి, తల కింద తన అరచెయ్యి పెట్టి, గౌను గుండీ వదులు చేసింది.

"ఎవరూ పట్టుకోమాకండి. నోట్లో ఏం కుక్కమాకండి. దానంతటదే పోద్ది" అంది.

అలా దానంతటదే పోయింది కూడా. పాప ఊపిరి తేలిక పడ్డాక అత్తమ్మ దాని మూతి తుడిచి, జుట్టులో ఇరుక్కున్న దూది పింజలు ఒక్కొక్కటే ఏరింది. పాపని కన్న తల్లిని నేను బిక్కచచ్చి నిలబడితే, ఈవిడకి ఇంత ధైర్యం ఎక్కడిదా అని ఆ కంగారులోనూ అనుకున్నాను. పెళ్ళివారు మాత్రం ఆ పరుపు తమకొద్దన్నారు. పిల్ల పడిపోయిన పరుపు మీద కొత్త దంపతుల్ని ఎట్టా పడుకోబెడతామని మొహం మీదే అడిగారు. సగం కుట్టిన ఆ పరుపు మా వెనక గదిలో గోడకి ఆనించి ఉండిపోయింది.

మర్నాడు పాపని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. నేను, మాలిక్, అత్తమ్మ. ఆయన అన్నీ చూసి, మందు రాసి, రోజూ తప్పకుండా వేయాలని చెప్పి, చివర్లో ఒక మాట అడిగాడు.

"మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఉందా అమ్మా ఇది?"

అత్తమ్మ కొంగు సర్దుకుంది. "మా వైపు ఎవరికీ లేదు బాబూ" అంది.

అంతే. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. మాలిక్ చూశాడు. ఆ చూపు బస్సులో నాతోపాటే ఇంటికి వచ్చింది. ఆ వారమంతా నేను మా వంశాన్ని తవ్వుకున్నాను. అమ్మకి ఫోన్ చేస్తే ఆమె కూడా బెదిరిపోయి, "సాజిదా, మీ తాత ఒకసారి పత్తిచేలో ఎండకి పడిపోయాడు, అదేమోనే" అంది. పురుగుమందు కొట్టి కొట్టి ఎండదెబ్బకి పడిపోయిన మనిషిని, ఎప్పుడో పోయిన మా తాతని, నేనే ముద్దాయిని చేసి నిలబెట్టాను. పాపం, ఆయన తరఫున మాట్లాడేవాళ్ళు కూడా లేరు.

మాలిక్ చెడ్డవాడు కాదు. భయస్థుడు. భయస్థుడు చెడ్డవాడికంటే మెత్తగా మాట్లాడతాడు, అదొక్కటే తేడా.

"పరీక్షలయ్యాక పాపని పర్చూరులో ఉంచుదాం" అన్నాడు ఒకరోజు అన్నం తింటూ. "ఇక్కడ అందరి నోళ్ళల్లో పడుద్ది. రేపు దాని పెళ్ళికి ఎవరొస్తారు? నువ్వు కూడా దాని దగ్గరే ఉండు."

"ఎన్నాళ్ళు?"

"తగ్గేదాకా."

ఆ మాటకి అంతెక్కడుందో నాకు అర్థం కాలేదు. అత్తమ్మ ఎదురుగానే కూర్చుని ఉంది. అన్నం తిన్నాక వేసుకునే చిన్న తెల్ల బిళ్ళ వక్కపొడి డబ్బాలోంచి తీసి నోట్లో వేసుకుంది. నీరసానికి అని చెప్పేది దాన్ని. రెండు మూడు నెలలకోసారి గుంటూరు వెళ్ళి, వాళ్ళక్క రసూల్‌బీ ఇంట్లో ఒక పూట ఉండి, ఆ బిళ్ళలు తెచ్చుకునేది. నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి లేచిపోయింది. కొడుకుని ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆమె మీద నాకు పుట్టిన కోపం నిజంగా కోపమే, దాన్నిప్పుడు తగ్గించి చెప్పను.

ఇంతలో ఆమె మాఫీల తిరుగుడు మొదలుపెట్టింది. మక్కాకి వెళ్ళేవాళ్ళు తెలిసినవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, "చెప్పిందీ విన్నదీ మాఫ్ చెయ్యండి" అని అడగాలి. అవతలివాళ్ళు "మాఫ్" అనాలి. ఇటునుంచి అటు అన్నవీ, అటునుంచి ఇటు పడ్డవీ అన్నీ చెల్లిపోయినట్టు. అత్తమ్మ ఈ పనిని పరుపు కుట్టినట్టే చేసింది, ఒక్క కుట్టు వదలకుండా. కుళాయి దగ్గర జుట్టు జుట్టు పట్టుకున్న కరీమున్ ఇంటికి వెళ్ళింది. కరీమున్ "ఆ బిందె నీదే రహమతమ్మా, మాఫ్" అని ఏడ్చింది. చింతపండు కొట్టు ఆయన్ని అడిగితే, "నువ్వు తిట్టని రోజు మాకు బేరం బాగోదమ్మా, మళ్ళీ వచ్చి తిట్టు" అన్నాడు. తిట్టినవాళ్ళూ పడ్డవాళ్ళూ ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకోవడం చూస్తుంటే వింతగా ఉండేది. ఊరంతా తిరిగింది. ఇంట్లో నన్ను మాత్రం అడగలేదు. అడగాల్సినంత నాకు చేయలేదనుకుంటోంది కాబోలు అని పళ్ళు కొరుక్కున్నాను.

ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం మార్కు వచ్చాడు. మార్కు మా పక్క వీధి కుర్రాడు, ఇన్సూరెన్సు ఏజెంటు. ఉమ్రాకి వెళ్ళేవాళ్ళందరికీ ప్రయాణం ఇన్సూరెన్సు ఉండాలని గుంటూరాయన చెప్పాడు. మార్కు కొట్లో స్టూలు మీద కూర్చుని కాగితాలు తీశాడు. మామ పరుపు అంచు కుడుతున్నాడు. మాలిక్ తక్కెడ దగ్గర నిలబడ్డాడు. నేను మిషను వెనక ఉన్నాను. అత్తమ్మ గడప మీద కూర్చుని బూరుగు కాయలు ఒలుస్తోంది.

"బాబాయ్, నీకేమన్నా జబ్బులున్నాయా?" అన్నాడు మార్కు.

"నాకేం జబ్బులురా, గుండ్రాయిలా ఉంటే" అన్నాడు మామ. "షుగరుంది, బీపీ ఉంది. అంతే."

"అవే జబ్బులు బాబాయ్."

"షుగరు జబ్బేంటిరా. అది అందరికీ ఉండేదేగా."

మార్కు నవ్వుతూ రాసుకున్నాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దేశంకాని దేశంలో ఏదన్నా అయితే ఆస్పత్రి ఖర్చు కంపెనీవాళ్ళు పెట్టుకోవాలిగా. అప్పుడు పాతవన్నీ తవ్వుతారు. పొరపాటున తప్పు చెప్పినా సర్దుకోవచ్చేమో గానీ, అడిగినప్పుడు చెప్పకపోతే మాత్రం అది అబద్ధం కిందే లెక్క" అన్నాడు. తర్వాత గడప వైపు తిరిగాడు. "పిన్నీ, నీకు?"

"ఆమెకేంటి, తలనొప్పి కూడా ఎరగదు" అన్నాడు మాలిక్. "లేవని రాసుకో."

అత్తమ్మ చేతిలో బూరుగు కాయ పగిలి, దూది ఒళ్ళో పడింది.

"చెప్పకపోయినా అబద్ధమేనా మార్కూ?" అంది.

"అడిగాక చెప్పకపోతే అంతే పిన్నీ."

ఆమె లేచింది. ఒళ్ళోని దూది దులుపుకుని, వక్కపొడి డబ్బా తెచ్చి మార్కు ముందు పెట్టింది.

"రాసుకో నాయనా. మూర్ఛ. నా పెళ్ళికి ముందునుంచీ ఉంది. ఇవి దాని బిళ్ళలు. పేరు అట్ట మీదే ఉంది, చూసి రాసుకో."

మార్కు కలం ఆగిపోయింది.

"అమ్మా, ఏం మాట్లాడుతున్నావ్" అన్నాడు మాలిక్. "మార్కూ, అది రాయమాక. రాస్తే పంపించరు. ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్న ప్రయాణం."

"పంపించకపోతే ఇక్కడే పరుపులు కుట్టుకుంటా. రాయి" అంది ఆమె. తర్వాత కొడుకు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "పాపకి వచ్చింది నా పోలిక. సాజిదా పుట్టింటోళ్ళది కాదు. ఈ జబ్బుకి ఎవర్నన్నా ఊరు దాటించాలంటే ముందు నన్ను దాటించు."

మాలిక్ నేల వైపు చూశాడు. తక్కెడ పళ్ళెం పట్టుకున్న చెయ్యి తీయలేదు. నేను మిషను మీద తల వాల్చేశాను. నా మీదినుంచి, మా అమ్మ మీదినుంచి, ఎప్పుడో పోయిన మా తాత మీదినుంచి ఎవరో బస్తా దించినట్టయింది. కోపం ఉంది. ఇన్ని రోజులు నన్ను మోయనిచ్చిందన్న కోపం. కానీ దానికంటే పెద్దదేదో వచ్చి మీద పడింది. మక్కాకి పోవాలని పుట్టినప్పటినుంచీ కలగన్న మనిషి, ఆ మక్కానే తీసి అక్కడ స్టూలు ముందు పెట్టేసింది, నాకోసం, నా బిడ్డకోసం. అంత పెద్ద మనిషితో ఒక పొయ్యి దగ్గర ఇన్నేళ్ళు వండుతున్నానని నాకు తెలీనే తెలీదు.

మామ సూది పక్కన పెట్టాడు.

"ఇన్నేళ్ళూ నాకు చెప్పలా" అన్నాడు.

"చెప్తే ఉంచుకునేవాడివా?"

అబద్ధం చెప్పడం మామకి చేతకాదు. "అప్పుడైతే తెలీదు" అన్నాడు. "ఇప్పుడైతే నువ్వు లేకుండా నేను ఏ ఊరూ పోను. మార్కూ, ఆవిడ చెప్పింది రాయి. నా షుగరు కూడా సరిగ్గా రాయి."

ఆ సాయంత్రం అత్తమ్మ వెనక గదిలోంచి ఆ పెళ్ళిపరుపు తెప్పించింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మిగతా సగం కుట్టింది. కుట్టడం అయ్యాక దాన్ని తన మంచం మీద వేసి, "ఖుర్షిదా, రా, ఎంత గెంతుతావో గెంతు" అంది.

తర్వాత మూడు వారాలు పిలుపు కోసం ఎదురుచూడ్డమే. కంపెనీవాళ్ళు డాక్టరు ఉత్తరం కావాలన్నారు. అత్తమ్మతో గుంటూరు నేను వెళ్ళాను. మిరపకాయల ఘాటుకి ఇద్దరం తుమ్ముకుంటూ రసూల్‌బీ ఇంటికి చేరాం. ఆమె చెల్లెల్ని చూసి గుండెలు బాదుకుంది. "అమ్మ ఒట్టేయించుకుంది కదే. సమాధిదాకా చెప్పమాకందిగా."

"సమాధిదాకా మోసేదాన్నే అక్కా. పసిదాని నెత్తినెట్టడం నా వల్ల కాలా."

డాక్టరు ఆమె పాత చీటీలన్నీ చూసి, ఎన్నో ఏళ్ళుగా ఫిట్స్ రాలేదని, బిళ్ళలు మానకపోతే నిక్షేపంగా ప్రయాణం చేయొచ్చని ఉత్తరం రాశాడు. పాప సంగతీ అడిగాను. పెద్దవాళ్ళకి ఉన్నంతమాత్రాన పిల్లలకి వచ్చి తీరాలని లేదు, ఎవరి తప్పూ కాదు, మందు క్రమంగా వాడితే చాలామందికి తగ్గిపోతుంది, బడి మాత్రం మాన్పించొద్దు అన్నాడు. చివరి మాట మాలిక్‌కి ఫోన్లో ఆయన చేతే చెప్పించాను.

మే మొదటి వారంలో మార్కు సైకిలు దిగకుండానే కేకేశాడు. కంపెనీ ఒప్పుకుంది. మూర్ఛ వల్ల అయ్యే ఖర్చు మాత్రం తమది కాదని, మిగతా దేనికైనా పూచీ ఉంటామని రాసింది. అత్తమ్మ ఆ మాట రెండోసారి చెప్పించుకుని వింది.

"న్యాయమే" అంది. "దాన్ని మోసే అలవాటు నాకుంది."

బయల్దేరే రోజు ఇల్లంతా జనం. నేను వంటింట్లో పండుమిరప పచ్చడి సీసాకి గుడ్డ కడుతున్నాను. అత్తమ్మ వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కొత్త తెల్ల బట్టల్లో ఆమె నాకు ఎవరో తెలియని మనిషిలా కనిపించింది.

"ఊరందరితో చెప్పిందీ విన్నదీ మాఫ్ చెయ్యమన్నా. నీతో ఆ మాట చెల్లదు సాజిదా. చెప్పనిది మాఫ్ చెయ్యి."

ఆమె చేత అంతమాట అడిగించుకున్నందుకు నాకు ఏడుపొచ్చింది. అయినా అడగాల్సింది అడిగాను. "డాక్టరు అడిగిన రోజే ఎందుకు చెప్పలేదు అత్తమ్మా?"

"నా పెళ్ళప్పుడు మా అమ్మ ఈ గుత్తి నా నడుముకి కట్టింది. ఇది తెలిస్తే నిన్నెవరూ ఉంచుకోరే అంది. ఆ భయం ముసలిదాన్నైనా నన్నొదల్లా. మాలిక్ నిన్ను పర్చూరు పొమ్మన్న రోజు, అమ్మ చెప్పింది నిజమే అనుకున్నా. మార్కు అడిగినప్పుడు ఇంకోటి తోచింది. అమ్మ మాట అబద్ధం కావాలంటే ఎవరో ఒకరు నోరిప్పాలిగా."

గుత్తి తీసి నా చేతిలో పెట్టింది. బరువుగా ఉంది, ఆమె ఒంటి వేడితో వెచ్చగా ఉంది.

"ఇన్ని తాళాలు దేనివి?" అన్నాను.

"బీరువాదొకటి, పెట్టెదొకటి, షట్టరుదొకటి. మిగతావి దేనివీ కావు. పడిపోతే పట్టుకోడానికి ఇనుము ఉండాలని మా అమ్మ పాత సామాన్ల కొట్లో ఏరి తెచ్చింది. ఇనుముకేం తగ్గదని గుంటూరు డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అయినా తీయలేకపోయా."

అవి ఏ తలుపూ తెరవవు. ఆ తలుపుల వెనక ఏం దాచిందోనని ఇన్నేళ్ళు కుళ్ళుకున్నది నేను. చేతిలో ఉన్న ఆ ఇనుమును చూస్తూ నిలబడిపోయాను. ఆమె ఇంకా నా మాట కోసం చూస్తోంది.

"మాఫ్ ఇప్పుడు చెప్పను" అన్నాను. "తిరిగి వచ్చాక చెప్తాను."

అత్తమ్మ నా మొహంలోకి చూసింది. అర్థమై నవ్వింది. "అయితే తిరిగి రాక తప్పదన్నమాట."

చీరాల స్టేషన్లో ప్లాట్‌ఫారం నిండా మా వాళ్ళే. దండలు, దువాలు, మా కోసం దువా చెయ్యమని చెవుల్లో చెప్పేవాళ్ళు. కరీమున్ వచ్చింది. మార్కు సామాన్లెక్కించాడు. రైలు కూత వేసింది. అప్పుడు మాలిక్ భుజం మీదున్న ఖుర్షిదా గొంతు చించుకుని అరిచింది.

"నాయనమ్మా, బిళ్ళేసుకున్నావా?"

ప్లాట్‌ఫారం అంతా వింది. మాలిక్ పాప నోరు మూయలేదు. కిటికీ చువ్వల వెనక అత్తమ్మ దండలు పక్కకి తోసుకుని, అంతే గట్టిగా బదులిచ్చింది.

"ఏసుకున్నా. నువ్వో?"

"నేనూ ఏసుకున్నా."

రైలు కదిలింది. కరీమున్ నా వైపు తిరిగి, "ఏం బిళ్ళే?" అంది. "ఫిట్సుకి" అన్నాను. "ఓహో" అంది కరీమున్, రైలుకి చెయ్యూపుతూనే.

రెండు వారాల తర్వాత అదే ప్లాట్‌ఫారం మీద దిగారు. మామ ఎండకి నల్లబడ్డాడు. అత్తమ్మ చేతిలో మక్కా బావినుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్ళ డబ్బా. అందరూ ఆ చేతులు కళ్ళకద్దుకోవాలని ముందుకి తోసుకొచ్చారు. ఆమె అందర్నీ తప్పించుకుని, డబ్బా కిందైనా పెట్టకుండా, సరాసరి నా ముందుకొచ్చి నిలబడింది.

"ఊఁ, ఇప్పుడు చెప్పు" అంది.

చెప్పాను.